ఒట్టు వెయ్యని పెద్దత్త

మోకాళ్ళ నొప్పులకి డాక్టరు కొత్త మాత్ర రాసిచ్చాడు. కుర్రాడు, మర్యాద తెలిసినవాడు. చీటీ నా చేతిలో పెడుతూ, "భయపడకండి మామ్మగారూ, ఇది అలవాటు పడే మందు కాదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను గానీ ఆగలేదు. "డాక్టరుగారు ఏమనుకుంటారండీ?" అని మా కోడలు దారి పొడుగునా నన్ను సాధిస్తూనే ఉంది. నేనేం చెప్పను? ఆ మాట వింటే ఎగిరిపడే మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయినా, ఎవరి నోట "అలవాటు" అని విన్నా నా చెవి పక్కకొచ్చి గదమాయిస్తుంది. ఆవిడ మా అత్తగారికి తోడబుట్టిన అక్క. నాకు పెద్దత్త.

పెద్దత్త నల్లమందు తినేది. చాటుగా కాదు. అదే ఆవిడతో వచ్చిన చిక్కంతా.

నేను కాపరానికి వచ్చేసరికి తెల్లవాళ్ళింకా పోలేదు. యుద్ధం మాత్రం అయిపోయిందన్నారు. మాది అనకాపల్లి పక్క పల్లె, శారదా ఏటి గట్టు మీద చెరకు భూములు. పట్నంలో సర్కారు వేలం వేసిన నల్లమందు కొట్టు ఒకటి ఉండేది. తినేవాళ్ళు మా చుట్టుపక్కల తక్కువేం కాదు. పెద్దమనుషులు పాలికాపుల్ని పంపించి తెప్పించుకునేవాళ్ళు. తామే వెళ్ళాల్సివస్తే తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని సందులోంచి దూరేవాళ్ళు. పెద్దత్త బండి కట్టించుకుని నడిబజారులోంచి వెళ్ళి, కొట్టు ముందు ఆపించి, బండిలోంచే "ఓ సావుకారూ, నా మందు తే" అని కేకేసేది. మా మామగారు ఆ సంగతి విని తల పట్టుకునేవారు. "దొంగసొత్తు కొంటన్నానేటి? సర్కారోడు అమ్ముతుంటే నేను కొంటన్నాను. సిగ్గు పడితే ముందు ఆడు పడాల" అనేది.

మనిషి ఎత్తరి, నలుపు. చిన్నతనంలోనే భర్త పోతే, పిల్లాజెల్లా లేకపోతే, చెల్లెలి ఇంటి పక్కనే ఇల్లు కట్టుకుని తన భూమి తను చేయించుకునేది. బొడ్లో ఏటికొప్పాక లక్క భరిణె ఒకటి ఉండేది. మిగతా ఆడవాళ్ళు అలాంటి దాంట్లో కుంకుమ పెట్టుకుంటారు. ఆవిడ అరుగు మీద కూర్చుని, భరిణె మూత తీసి పక్కన బోర్లించి, నల్లటి ముద్దలోంచి గోటితో గిల్లి, రెండు వేళ్ళ మధ్య నలిపి కందిగింజంత ఉండ చేసి నాలిక కింద పెట్టుకునేది. దాని మీద బెల్లం ముక్క. ఆ పైన వెచ్చటి పాలు. తర్వాత కాసేపు ఊరు తగలబడుతున్నా ఆవిడతో మాట్లాడకూడదు. అది అయ్యాక ఆవిడంత మంచిమనిషి లేదు. పాత కబుర్లు చెప్పేది, ఉన్నదంతా పంచిపెట్టేది. వేళ తప్పిందా, ఆవులింతలు మొదలయ్యేవి. ఆవిడ ఆవులించడం చూశారంటే పాలికాపులు పశువుల్ని వేరే గట్టు మీదుగా తోలుకుపోయేవాళ్ళు.

దేవతని చేద్దామని రాయడం లేదు. కొట్టు మూసిన రోజున ఆవిడ నోట్లోంచి వచ్చే మాటలు కాగితం మీద పెట్టేవి కావు. నా పెళ్ళిలో తలంబ్రాలు పడకముందే లేచి వెళ్ళిపోయింది. భరిణె ఇంట్లో మరిచిపోయిందట. ఇంకొకరైతే కడుపునొప్పనో తలనొప్పనో చెప్పేవారు. ఆవిడ పందిట్లో నిలబడి, మా నాన్నతో, "మందు ఇంటికాడ ఒగ్గీసేను బాబూ. ఇంకాసేపుంటే నీ కూతురి పెళ్ళి నేనే పాడుసేత్తాను" అని చెప్పి మరీ బండెక్కింది. మావాళ్ళు ఆ మాట చాలా ఏళ్ళు చెప్పుకున్నారు.

మా అత్తగారికి అక్క అంటే ప్రాణం, అక్క తినే మందంటే మంట. అక్కని మా వైపు అప్ప అంటారు. "అప్పా, ఆ పాడలవాటు మానీ" అని ఆవిడ రోజూ అనేది. అదీ అడ్డపొగ పీలుస్తూ. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం మా ప్రాంతపు ఆడవాళ్ళకి మామూలే. పెద్దత్త చుట్ట ముట్టేది కాదు.

"నోట్లో నిప్పెట్టుకుని నాకు నీతి సెప్తందే ఇది" అని నన్ను సాక్ష్యం పిలిచేది. "అయినా దీన్ని అలవాటనకండే. పొద్దున్నే పళ్ళు తోవుకోడం అలవాటు. ఒక పూట మానితే మనల్నేటి సెయ్యదు. అలవాటు మనది. ఇక్కడ నేను దానిదాన్ని. మీ మావ పాలికాపుని ఎట్టుకున్నట్టు అది నన్నెట్టుకుంది. పాలికాపు ఏడాది తిరిగితే ఇంకో ఇల్లు సూసుకుంటాడు. నాకు అదీ నేదు."

అప్పుడు నాకు ఇదంతా వేళాకోళంగా ఉండేది. నా కొడుకు పుట్టాక తెలిసొచ్చింది.

వాడికి నాలుగో నెల వచ్చేసరికి గానుగలు మొదలయ్యాయి. చెరకు నరికి, గానుగాడి, రసం పెనంలో పోసి బెల్లం వండే ఆ రోజుల్లో ఇంట్లో ఒక్క మనిషి ఉండడానికి లేదు. ఆడవాళ్ళంతా పెనాల దగ్గరే. పసిపిల్లలు చెట్లకి కట్టిన గుడ్డ ఉయ్యాలల్లో. ఇన్ని ఉయ్యాలలున్నా ఒక్క ఏడుపు వినపడేది కాదు. ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ పొద్దున్నే పెద్దావిడ తల్లిపాల చుక్కలో ఆవగింజంత నల్లమందు అరగదీసి, వేలితో పిల్ల నాలిక మీద రాసి తీసుకొచ్చేది. దాన్ని నల్లమందు అనేవారు కాదు. ఉత్త "మందు" అనేవారు. "పిల్లడికి మందేసేవా?" అని ఒకళ్ళనొకళ్ళు పలకరించుకునేవారు. నా కొడుక్కీ మా అత్తగారు వేసింది. నెల పాటు రోజూ వేసింది. వాడు పొద్దస్తమానం పడుకునేవాడు. పాలు చేపుకొచ్చి నా రవిక తడిసిపోయేది, వాడు లేచేవాడు కాదు. లేచినా రెండు గుక్కలు తాగి కళ్ళు మూసేసేవాడు. చేతులు సన్నబడుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. కొత్తకోడల్ని, నోరెత్తే ధైర్యం లేదు. పైగా అంతకు ముందు ఏడాదే పక్క పెనం వాళ్ళ పిల్ల ఉయ్యాలలో పడుకుని మళ్ళీ లేవలేదు. గాలి సోకిందన్నారు.

ఒకనాడు పెద్దత్త గానుగ దగ్గరికి వచ్చి ఉయ్యాలలోకి తొంగిచూసింది. వాడి కనురెప్ప ఎత్తి చూసి, మా అత్తగారి వైపు తిరిగింది.

"ఎంతెట్టేవే?"

"ఆవగింజంతే అప్పా. ఏడవకుండా ఉంటాడని. మందే కదా?"

"నా నోట్లో ఎడితే పాడలవాటు, పసిగుంటడి నోట్లో ఎడితే మందేటి?"

"ఊరంతా ఎడతన్నారు. నా పిల్లలు నలుగురూ ఈ మందు మీదే పెరిగేరు."

"ఈ పక్క గుంట పెరగనేదే?"

"దానికి గాలి సోకింది."

"గాలి కాదే. ఏలు సోకింది" అంది పెద్దత్త. పెనాల దగ్గరున్న వాళ్ళందరికీ వినపడేలాగే అంది. ఆ పిల్ల నాయనమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మా అత్తగారికి ఒళ్ళు మండింది. "నువ్వా సెప్పేది? ముందు నువ్వు మాను. మానినాక వచ్చి మాకు సెబుదువు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు బాగా అన్నావన్నట్టు తలలూపారు. పెద్దత్త గట్టు దిగి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే పట్నం నుంచి ఖద్దరు పంతులుగారొకాయన మా పల్లెకి వచ్చాడు. తాగుడు మాన్పించే సంఘం ఆయనది. నూకాలమ్మ పటం పెట్టి, పళ్ళెంలో కర్పూరం వెలిగించి, అందరి చేతా ఒట్టు వేయిస్తున్నాడు. ఇక తాగను అని చెప్పి అరచేత్తో కర్పూరం ఆర్పాలి. మా వీధి మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆర్పారు. వాళ్ళలో కొందరు తిన్నగా తాటితోపు దారి పట్టారని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి. చివరికి ఎవరో పెద్దత్తని చూపించారు. పంతులుగారు పళ్ళెం ఆవిడ ముందుకి తెచ్చాడు.

"నేనార్పను" అంది.

"అలా అనకండమ్మా. మనసు గట్టి చేసుకుంటే మానలేనిది లేదు."

"మనసు గట్టిదే బాబూ, ఊల్లో ఎవుల్నయినా అడుగు. మానీమని మనసుకి సెప్పగల్ను. కాళ్ళకి సెప్పనేను, పేగులికి సెప్పనేను. ఆటికి సెవుల్నేవు."

"అమ్మవారి మీద భారం వేసి..."

"అమ్మోరి మీద ఒట్టేసి రేపు తిన్నాననుకో. నల్లమందు తిన్నదాన్ని అబద్దాలకోరుని కూడా అవుతాను. ఇప్పుడొక్కటే ఉంది నాకు, అప్పుడు రెండవుతాయి." జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆడవాళ్ళ వైపు తిరిగింది. "నేను మానితే గాని మాట సెల్లదన్నారు గదా. మాననేనే. మాననేకపోడవే నా సాచ్చికం. మా అమ్మ మా ఇద్దరికీ ఒకే ఏలితో రాసింది. మందు దీన్ని ఒగ్గీసింది, నన్ను ఒగ్గనేదు. కాపరానికెల్లిన దేవరాపల్లి కొండ కింద సలిజొరం వత్తే మళ్ళీ నాకే ఎట్టేరు, ఇంక ఆగనేదు. ఎవుల్ని పట్టుద్దో, ఎవుల్ని ఒగ్గుద్దో ముందు మీకు తెలుసునేటి? తెలిత్తే ఎట్టండి. రేపు మా సెల్లెలి అరుగు మీద కూకుంటాను. మందు తినను. ఏటవుద్దో సూద్దురుగాని రండి."

నిజంగానే వచ్చి కూర్చుంది. ముందునాటి సాయంత్రం ఉండ కూడా మానేసిందని తర్వాత తెలిసింది. భరిణె మా అత్తగారి చేతికిచ్చి, "నేనడిగినా ఇవ్వకు" అంది. మొదట్లో ఆడవాళ్ళు తమాషా చూసినట్టే వచ్చారు. మధ్యాహ్నానికి ఆవులింతలు మొదలయ్యాయి. ఒక ఆవులింత పూర్తవకుండా ఇంకొకటి. తర్వాత తుమ్ములు. కళ్ళూ ముక్కూ ధారలుగా కారుతున్నాయి. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని చర్మం ఈకలు పీకిన కోడి తోలులా అయింది. మర్నాటికి కాళ్ళు వాటంతటవే తన్నుకుంటున్నాయి. వాంతులు, విరేచనాలు. అంత ఎత్తరి మనిషిని నేనూ మా అత్తగారూ చెరో రెక్కా పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాల్సివచ్చింది. చూడలేక ఒకావిడ ముఖం తిప్పుకుంటే పెద్దత్త పళ్ళు బిగించి కేకేసింది.

"అటు తిరుగుతావేటే? ఇటు సూడు! నీ గుంటకి రాత్తన్నావు గదా, రేపు అది పెద్దయినాక ఇదే సూత్తావు. ముందే సూసీ!"

నాకు ఆవిడ మీద కోపమొచ్చింది. ఇంత హింస ఎవరికోసం, ఎవరడిగారని. అంతలోనే ఏడుపొచ్చింది. నా కొడుకు కోసమేనని నాకు తెలియదా?

మా అత్తగారి నోట్లో చుట్ట ఎప్పుడో ఆరిపోయింది. భరిణె పట్టుకుని వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూలబడింది. "ఏసుకో అప్పా. నీకు పున్నెముంటది. ఇంక సూడనేను."

సరిగ్గా అప్పుడే లోపల ఉయ్యాలలో తుమ్ము వినపడింది. ఈ గొడవలో ఆ రెండు రోజులూ గానుగకి ఎవరూ వెళ్ళలేదు, వాడికి మందు వెయ్యడం ఎవరికీ గుర్తు లేదు. మళ్ళీ తుమ్ము. మళ్ళీ. నేను వెళ్ళి ఎత్తుకొచ్చాను. వాడు ఆవులించాడు. నాలుగైదు నెలల పిల్లాడు నోరు అంత తెరిచి, వెంట వెంటనే ఆవులించాడు. ముక్కు కారుతోంది. చిన్న చేతుల మీద బుడిపెలు లేచాయి. కాళ్ళు నా పొట్టకేసి తన్నుతున్నాడు.

మా అత్తగారు అక్కని చూసింది. మనవణ్ణి చూసింది. "ఓలమ్మో" అంది. "అప్పలాగే... అప్పలాగే ఆవులిత్తన్నాడే."

పెద్దత్త చెయ్యి చాపి భరిణె తీసుకుంది. వణికే వేళ్ళతో ఉండ చేసి అందరూ చూస్తుండగా నాలిక కింద పెట్టుకుంది. కాసేపటికి వణుకు ఆగింది. ముఖం కడుక్కుంది, జుట్టు ముడేసుకుంది, ఆకలేస్తోంది, గంజి పొయ్యమంది. ఆ జబ్బుకన్నా అంత తేలిగ్గా మామూలు మనిషి అయిపోవడమే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది. మనిషి తాళంచెవి ఆ భరిణెలో ఉందని అందరికీ తెలిసిపోయింది.

పంతులుగారు ఆ వేళకి అక్కడే ఉన్నాడు. పాపం మంచివాడే. "అయ్యో, ఇంకొక్క రోజు ఓర్చుకుంటే గెలిచేవారమ్మా" అన్నాడు.

"గెలుత్తానని నేనెప్పుడన్నాను బాబూ? సూపిత్తానన్నాను. సూపించేను" అంది పెద్దత్త గంజి తాగుతూ.

ఆవిడ మానకుండానే పోయింది. ఈ ముక్క ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటి కథలు చెప్పేవాళ్ళు చివరికి మనిషి చేత మానిపించి, తర్వాత దండ వేస్తారు. పెద్దత్తకి ఆ దండ అక్కర్లేదు. పోయే రోజుల్లో నోరు శుద్ధిగా ఉండాలని ఎవరో చుట్టాలు మందు దాచేశారు. వెతికి తీసి నా చేత్తో నేనే నాలిక కింద పెట్టాను. ఏమన్నా అననీ అని పెట్టాను. చూసినదాన్ని కాబట్టి పెట్టాను.

అయితే ఆవిడ తలపుకొస్తే నాకు ముందు కనిపించేది ఆ మంచమూ కాదు, ఆ అరుగూ కాదు. ఆ తర్వాత మేం మళ్ళీ గానుగకి వెళ్ళిన రోజు.

ఆ పొద్దున్న మా అత్తగారు పిల్లాడికి ఏమీ రాయలేదు. వాణ్ణి గానుగ పాకలోకి తీసుకురాగానే మొదలుపెట్టాడు. ఏడుపంటే ఏడుపా! ముఖం కందిపోయి, పిడికిళ్ళు బిగించి, ఊపిరి తిరక్కుండా. పాలిచ్చినా, భుజాన వేసినా, ఊపినా ఆగడు. వాడి కాళ్ళలో పుట్టే బాధ ఏమిటో ఇప్పుడు మా ఇద్దరికీ తెలుసు. మా అత్తగారు వాణ్ణి ఎత్తుకుని తిరుగుతుంటే పెనం దగ్గర మనిషి లేక పాకం ముదిరి మాడిపోయింది. మాడు వాసన పాకంతా నిండింది. మా మామగారు కేకలు. అవతలి పెనం దగ్గర్నుంచి ఒకావిడ అరిచింది.

"ఏటే ఆ ఏడుపు? పిల్లడికి మందెయ్యనేదేటి?"

మా అత్తగారు ఊళ్ళో ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు. అలాంటి మనిషి, మనవణ్ణి భుజాన వేసుకుని పాక మధ్యలోకి వచ్చి నిలబడింది. "ఎయ్యనేదు! ఎయ్యను! నా పెనం మాడితే మాడింది, నా మనవడు ఏడుత్తాడు. మీ సెవులు మూసుకోండి!" అని అచ్చం అక్క గొంతుతో అరిచింది.

కిందటేడు పిల్లని పోగొట్టుకున్న ఇంటి పెద్దావిడ లేచి వచ్చి, మాడిన పెనం నీళ్ళు పోసి కడిగి, కొత్త రసం పోయించి, గరిట అందుకుని మా బదులు తిప్పడం మొదలుపెట్టింది. మర్నాడు ఇంకో ఉయ్యాలలోంచి ఏడుపు వినపడింది. తర్వాత ఇంకొకటి. అందరూ మానారని చెప్పను. కానీ ఆ సీజను ముగిసేలోగా మా గానుగ దగ్గర ఒకరి మాట ఒకరికి వినపడని రోజులు వచ్చాయి. మగవాళ్ళు విసుక్కున్నారు. ఎద్దులు బెదిరాయి. బెల్లం నల్లబడింది.

అలాంటి ఒక రోజున పెద్దత్త గట్టు మీదుగా వచ్చింది. కాసేపు నిలబడి ఆ గోలంతా విన్నది. తర్వాత నా కొడుకు ఉయ్యాల పక్కన నేల మీద చతికిలబడి, ఎర్రబడ్డ వాడి పాదం తన చేతిలోకి తీసుకుంది. మందు లేక కారడం కాకుండా ఆవిడ కళ్ళు తడవడం నేనప్పుడే చూశాను.

"ఏడవరా నాయినా, ఏడు. గట్టిగా ఏడు" అంది. "నన్ను ఏడవనియ్యనేదురా."